పాత రంపం మిషన్‌లో థ్రెడ్లు పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత టేబుల్ రంపాల గురించి నా దగ్గరికి వచ్చే సందేహాల్లో సగం పైన ఒకే మాటతో మొదలవుతాయి: "బోల్టు పట్టడం లేదండీ." రావులపాలెం నుంచి అడిగినా, నరసాపురం నుంచి అడిగినా అవే ప్రశ్నలు. మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ జవాబుకా జవాబే, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. డ్రిల్లు చేతిలోకి తీసుకోకముందే ఆ రంధ్రం ఏ కొలతదో తేల్చుకోండి. పెద్దది చేసిన రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయలేం.

## విప్పకముందు

బోల్టు ఊరికే తిరుగుతోంది. రంధ్రంలో థ్రెడ్డు పోయినట్టేనా?

అప్పుడే అనుకోవద్దు. బోల్టు బయటికి తీసి వెలుతురులో చూడండి. బోల్టు మీద మరల (థ్రెడ్ల) కొనలు చదునుగా అరిగిపోయి ఉంటే పోయింది బోల్టే. కొత్తది వేస్తే పని అయిపోతుంది. బోల్టు మరల మధ్య తీగలా చుట్టుకున్న లోహం కనిపిస్తే రంధ్రం పోయింది. అల్యూమినియం అయితే తెల్లగా మెరిసే చుట్టలా వస్తుంది. బీడు (పోత ఇనుము) అయితే చుట్టలా రాదు, నల్లటి పొడిగా రాలుతుంది.

ఇంకో రెండు అవకాశాలు కూడా ఉన్నాయి. వెనక నట్టు ఉండి, అదే బోల్టుతో పాటు తిరుగుతూ ఉండొచ్చు. లేదా బోల్టు పొడుగెక్కువై రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ పైన పట్టుకోవాల్సిన ముక్క వదులుగా కదులుతూనే ఉంటుంది. బోల్టు తల కింద ఒక వాషరు వేసి చూస్తే తెలిసిపోతుంది.

మా మిషన్ అంగుళాల లెక్కా, ఎంఎం లెక్కా? ఎలా తెలుస్తుంది?

పాత మిషన్ అయితే ముందు అంగుళాలదే అనుకుని మొదలుపెట్టండి. బ్రిటిష్ పద్ధతి మరని జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఖరారు చేశాడు. దాని కోణం 55 డిగ్రీలు. అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 1948లో ఒప్పుకున్న యూనిఫైడ్ మర 60 డిగ్రీలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, కానీ ఫౌండ్రీల్లో పాత నమూనాలు, పాత ట్యాపులు (రంధ్రంలో మర కోసే పనిముట్లు) ఆ తర్వాత కూడా చాలా కాలం నడిచాయి. అందుకే ఒకే మిషన్‌లో బల్ల బోల్టులు అంగుళాలవి, తర్వాత మార్చిన మోటారు బోల్టులు ఎంఎంవి అయి ఉండటం మామూలే. ఒక బోల్టు చూసి మిషనంతా అదే అనుకోకండి.

మందం కొలిచే వెర్నియర్ ఒక్కటే చాలదు. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 ఎంఎం, ఎం8 (మెట్రిక్) బోల్టు మందం 8. కొంచెం అరిగిన బోల్టుల మధ్య ఈ తేడా వెర్నియర్‌కి దొరకదు. చుట్లు లెక్కపెట్టాలి. పిచ్ గేజ్ (మరల మధ్య దూరం పోల్చి చూసే పళ్ల బిళ్లలు) ఉంటే ఒక్క క్షణం పని. లేకపోతే బోల్టుని స్కేలు పక్కన పెట్టి, అంగుళం పొడుగులో ఎన్ని మరలున్నాయో గోటితో లెక్కపెట్టండి. 5/16కి 18 వస్తాయి. ఎం8కి 20 దాటతాయి. 1/4కి 20, 3/8కి 16. విట్‌వర్త్‌లోనూ యూనిఫైడ్ ముతక మరలోనూ ఈ మూడింటి లెక్క ఒకటే. 1/2 అంగుళం దగ్గర మాత్రం విడిపోతాయి. విట్‌వర్త్‌కి 12, యూనిఫైడ్‌కి 13. అరంగుళం బోల్టు కొనేటప్పుడు కొట్లో ఏదో ఒకటి ఇచ్చేస్తారు, లెక్కపెట్టుకుని తెచ్చుకోండి.

ఎం8 బోల్టు చేత్తో రెండు చుట్లు ఎక్కింది. మిగతాది స్పానర్‌తో తిప్పేస్తే పోలా?

పోతుంది, థ్రెడ్డు. మన దగ్గర పాత మిషన్లలో మరలు పోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. 5/16 రంధ్రంలో మర మరకీ మధ్య దూరం 1.41 ఎంఎం. ఎం8 బోల్టుకి 1.25. చుట్టుకి 0.16 తేడా. నాలుగో చుట్టు దగ్గరికి వచ్చేసరికి బోల్టు మర రంధ్రం మర మీదకి ఎక్కి కూర్చుంటుంది. అక్కడినుంచి స్పానర్ తిప్పినంతా బోల్టు లోపలికి దారి కోసుకుంటూ పోతుంది. మొదటిసారి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. మళ్లీ విప్పినప్పుడు బీడు పొడి బయటికి వస్తుంది.

1/4 రంధ్రంలో ఎం6 వేసినా ఇదే కథ, కాకపోతే అది వదులుగా పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గుర్తు ఒక్కటే: సరైన బోల్టు శుభ్రమైన రంధ్రంలో చివరిదాకా చేతివేళ్లతోనే వెళ్లాలి.

ఈ మిషన్లలో ఎక్కువగా ఎక్కడెక్కడ పోతాయి?

తరచుగా విప్పే చోట, అదిరే చోట. గైడు పట్టాలు బల్ల అంచుకి బిగించే బోల్టులు, బల్ల పక్కన రెక్కలు కలిపేవి, బ్లేడుని 90, 45 డిగ్రీల దగ్గర ఆపే స్క్రూలు, ఎత్తు తిప్పే చక్రం మీద గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ), మోటారు పుల్లీ గ్రబ్ స్క్రూ. వీటన్నిటికంటే ముఖ్యమైనది బల్ల కింద షాఫ్టుని మోసే బ్రాకెట్టు బోల్టులు. అవి వదులైతే కోత వంకరపోతుంది, చెక్క వెనక్కి తన్నుతుంది. గైడు పట్టా బోల్టుకి, బ్రాకెట్టు బోల్టుకి ఒకే మందు వేయకూడదు.

మా వైపు బోల్టులు ఇంత త్వరగా ఎందుకు పట్టేస్తాయి?

గాలిలో తేమ, సముద్రం దగ్గరైతే దానికి తోడు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు షాపుల్లో కొత్త బోల్టు కూడా ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది. కానీ అసలు దొంగ రంపం పొట్టు. నల్లతుమ్మలో టానిన్ ఎక్కువ. ఆ పొట్టు బోల్టు తల చుట్టూ పేరుకుని తేమ పీల్చుకుంటే, ఇనుముతో కలిసి నల్లగా మారి తినేస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి మరల మధ్య ఇరుక్కుని బిగదీస్తుంది. అప్పుడు బలంగా తిప్పితే మరలు కూడా దాంతోపాటే ఊడి వస్తాయి. వరద నీళ్లు చేరిన షాపులో మిషన్ అయితే పైన ఎండినట్టు కనిపించినా అడుగు రంధ్రాల్లో ఒండ్రు ఉండిపోతుంది. అది ఎండితే ఇంకా గట్టి.

## విప్పేటప్పుడు

బోల్టు అసలు కదలడం లేదు. గొట్టం తొడిగి తిప్పేయనా?

వద్దు. గొట్టం తొడిగితే తెగేది బోల్టు తల. ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి కట్టేశాంలే అనుకుంటే చాలదు. బెల్టు కూడా తీసేయండి. చుట్టూ ఉన్న పొట్టు గీకి, ఇనుప బ్రష్షుతో తోమి, తుప్పు వదిలే స్ప్రే గానీ డీజిలు గానీ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న బోల్టు తల మీద సుత్తితో చిన్నగా, వరసగా కొట్టండి. ఆ అదురుకి తుప్పు చిట్లుతుంది. తర్వాత విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు ఇసుమంత కదపండి, అప్పుడు విప్పండి. ఇంత వచ్చిందో లేదో మళ్లీ లోపలికి తిప్పి, మళ్లీ బయటికి. ఒకే ఊపులో లాగేయాలని చూడకండి.

కదలకపోతే వేడి పెట్టాలి. బీడు కాస్త వేడెక్కితే వదిలేస్తుంది. కానీ డీజిలు తుడిచేసి, పొట్టంతా ఊడ్చేసి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకున్నాకే మంట. బల్ల అడుగున పేరుకున్న పొట్టు మంట లేకుండా లోలోపలే రాజుకుని, షాపు మూశాక అంటుకుంటుంది. మంట వాడిన రోజు కనీసం గంటసేపైనా అక్కడే ఉండండి.

బోల్టు తల తెగిపోయి ముక్క లోపల ఉండిపోయింది. ఏం చేయాలి?

ముక్క కొంచెమైనా పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలినుంచి వెల్డింగు పెట్టించండి. ఇది అన్నిటికంటే మంచి దారి. వెల్డింగు వేడికి తుప్పు వదులుతుంది, స్పానర్ వేయడానికి తలా దొరుకుతుంది. ఎర్రదనం పోయి కాస్త చల్లారాక తిప్పండి.

లోపలే ఉండిపోతే సరిగ్గా నడిమధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, సన్న బిట్టుతో మొదలుపెట్టి పెద్దది చేసుకుంటూ పోవాలి. పంచ్ పక్కకి పడితే బిట్టు బోల్టుని వదిలి మెత్తగా ఉన్న బీడులోకో అల్యూమినియంలోకో జారుతుంది. ఎక్‌స్ట్రాక్టర్ (విరిగిన ముక్కలోకి దించి బయటికి తిప్పే పనిముట్టు) వాడేవాళ్లకి ఒక జాగ్రత్త: అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు డ్రిల్లుకి లొంగదు. చేతి బలానికి మించి తిప్పాల్సి వస్తే ఆపేయండి.

## ఏ దారి పట్టాలి

మళ్లీ ట్యాప్ తిప్పి శుభ్రం చేస్తే సరిపోదా?

మరలు సగానికి పైగా ఉంటే సరిపోతుంది. చాలాసార్లు పోయిందనుకున్న థ్రెడ్డు తుప్పు, ఒండ్రు, పాత రంగు నిండి ఉన్నదే. అదే కొలత ట్యాప్‌ని చేత్తో దించండి. రెండు మూడు చుట్లు పట్టు దొరికేదాకా వేళ్లతోనే తిప్పాలి. పాత మరలోనే వెళ్తోందా, కొత్త దారి కోస్తోందా అన్నది వేళ్లకే తెలుస్తుంది. పాత మరలో అయితే తేలిగ్గా, చుట్టుకి ఒకే రీతిలో దిగుతుంది.

పొడుగు బోల్టు వేస్తే కుదురుతుందా?

రంధ్రం ఇంకా లోతుంటే భేషుగ్గా కుదురుతుంది, చాలామందికి ఇది తట్టదు. పాతరోజుల్లో రంధ్రాలు లోతుగా ట్యాప్ కొట్టి, బోల్టు మాత్రం పొట్టిది వేసేవాళ్లు. సన్నటి కడ్డీతో లోతు కొలవండి. అడుగున మంచి మరలు మిగిలి ఉంటే పొడుగు బోల్టు వాటిని పట్టుకుంటుంది. బోల్టు ఎంత మేర పట్టుకోవాలంటే ఉక్కులో దాని మందమంత, బీడులో ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు. 8 ఎంఎం బోల్టుకి బీడులో 12 ఎంఎం అన్నమాట.

పెద్ద సైజుకి ట్యాప్ కొట్టేయడం సులువు కదా?

సులువే. 5/16 పోతే 3/8, దానికి 7.9 ఎంఎం బిట్టు. ఎం8 పోతే ఎం10, దానికి 8.5 ఎంఎం బిట్టు. కానీ మూడు చూసుకోవాలి. రంధ్రం చుట్టూ గోడ మిగలాలి. కొత్త బోల్టు మందంలో సగమైనా అన్ని వైపులా లోహం లేకపోతే బీడు అంచు చిట్లుతుంది. బోల్టు దూరి వచ్చే ఎదుటి ముక్క రంధ్రం కూడా పెద్దది చేయాలి. అది సర్దుబాటుకి వదిలిన పొడుగు గాడి అయితే సర్దుకునే చోటు తగ్గుతుంది. మూడోది, పెద్ద బోల్టు తలకి స్పానర్ పట్టే చోటు ఉండాలి. బల్ల కింద చాలా చోట్ల ఉండదు.

ఇంకో మాట. నాలుగు బోల్టుల్లో ఒక్కటే వేరే కొలతైతే తర్వాత విప్పేవాళ్లు దాన్ని ఖచ్చితంగా తప్పు రంధ్రంలో వేస్తారు. పక్కన రంగుతో సైజు రాసిపెట్టండి.

ఆరుపారు (ఇటునుంచి అటు దూరిపోయే) బోల్టు వేసి వెనక నట్టు బిగిస్తే నామోషీనా?

నామోషీ ఎందుకండీ? వెనక చేయి దూరే చోటుంటే దీన్ని మించింది లేదు. గైడు పట్టాలకి, బల్ల రెక్కలకి నేను మొదట సూచించేది ఇదే. పోయిన మరలని డ్రిల్లుతో తీసేసి, నునుపు రంధ్రం చేసి, వెనక పెద్ద వాషరు, నైలాన్ నట్టు. మళ్లీ పోతే నట్టు పోతుంది, మిషన్‌కేమీ కాదు.

హెలీకాయిల్ అంటే ఏమిటి? పాత మిషన్‌కి పనికొస్తుందా?

స్టెయిన్‌లెస్ ఉక్కు తీగతో చేసిన స్ప్రింగులాంటి చుట్ట. పోయిన మరని తీసేసి, కాస్త పెద్ద రంధ్రం చేసి, దానికని ప్రత్యేకంగా ఉండే ట్యాప్ కొట్టి, ఈ చుట్టని లోపలికి తిప్పుతారు. లోపల మళ్లీ పాత కొలత మరే దొరుకుతుంది, పాత బోల్టే వాడుకోవచ్చు. ఎం8కి 8.3 ఎంఎం బిట్టు, ఎం6కి 6.3. అల్యూమినియం బ్రాకెట్టులో అయితే అసలు మర కంటే ఇదే గట్టి. బైకు ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గు మరలు బాగుచేసే మెకానిక్కులకి ఈ పని తెలుసు, వాళ్ల దగ్గర కిట్టు దొరకొచ్చు.

చిక్కు ఒక్కటే. బజార్లో తేలిగ్గా దొరికేవి ఎంఎం కిట్లు. మీ రంధ్రం 5/16 అయితే రెండు దారులు: 5/16 కిట్టు తెప్పించుకోవడం, లేదా ఆ రంధ్రాన్ని ఎం8 హెలీకాయిల్‌కి మార్చేసి బోల్టు కూడా ఎం8 వేసుకోవడం. రెండోది తప్పేమీ కాదు, కానీ ఆ వరసలో బోల్టులన్నీ ఒకేసారి మార్చండి.

లేత్‌లో బుష్ తిప్పించుకోవచ్చా?

బుష్ అంటే లోపలా బయటా మర ఉన్న గొట్టం ముక్క. మన జిల్లాల్లో నేనైతే దీనికే ఓటేస్తాను. భీమవరం, అమలాపురం, తణుకు, రాజమండ్రి, ఎక్కడైనా రైసుమిల్లులకీ, ట్రాక్టర్లకీ, చెరువుల ఏరేటర్లకీ షాఫ్టులు చేసే లేత్ షాపులున్నాయి. లోపల 5/16, బయట 1/2 మర ఉన్న మైల్డ్ స్టీలు బుష్ వాళ్లకి పెద్ద పని కాదు. లోపల ఎం8 కావాలంటే బయట ఎం12 పెట్టొచ్చు, గోడ సన్నగా అనిపిస్తే ఎం14. ఎం12కి రంధ్రం 10.2 ఎంఎం, ఎం14కి 12.

కాగితం మీద కొలత రాసి పంపకండి. అసలు బోల్టు చేతికివ్వండి. "ఈ బోల్టు ఇందులో చేత్తో దిగాలి" అంటే చాలు. బుష్‌కి పైన కాలరు లేకుండా, బల్లకి ఒక వెంట్రుకవాసి కిందకి దిగేలా చేయించండి. బిగించేముందు రెండు వైపులా నూనె పూర్తిగా తుడిచి, ఎర్ర లాక్‌టైట్ (మరలు కదలకుండా పట్టే జిగురు) రాసి దించాలి. బుష్‌కీ బీడుకీ మధ్య గీత మీద రెండు చోట్ల పంచ్ దెబ్బ వేస్తే తిరిగి రాదు. బ్రాకెట్టు బోల్టుల్లాంటి బరువు మోసే చోట, బీడులో, ఇది జీవితకాలం పని.

ఎంసీల్, అరాల్డైట్, టెఫ్లాన్ టేపు... వీటితో కానివ్వొచ్చా?

టెఫ్లాన్ టేపు నీళ్ల పైపుకి. ఎంసీల్ కన్నాలు పూడ్చడానికి. ఏ బోల్టుకీ రెండూ పనికిరావు. అరాల్డైట్ లాంటి గట్టి ఎపాక్సీ నింపి, మైనం రాసిన బోల్టుని అందులో పెట్టి ఆరనిస్తే మర ఆకారం వస్తుంది. దుమ్ము గొట్టం మూతకో, స్విచ్చి డబ్బాకో సరిపోతుంది. బ్లేడుని గానీ, షాఫ్టుని గానీ, మోటారుని గానీ పట్టుకునే చోట అసలు వద్దు. రాగి తీగ ముక్క దూర్చి బిగించడం కూడా చూశాను. బిగుస్తుంది, అదురుకి వదిలేస్తుంది.

రంధ్రం వెల్డింగుతో పూడ్చి మళ్లీ బోరు వేయిస్తే?

ఉక్కు ముక్క అయితే సరే. బీడుకి వద్దు. బీడుకి నికెల్ రాడ్డు కావాలి, ముందు వేడి చేయాలి, నెమ్మదిగా చల్లార్చాలి. మామూలు రాడ్డుతో రెండు టాకాలు వేస్తే పక్కన పగులు వస్తుంది, లేదా అక్కడ లోహం గాజులా గట్టిపడి బిట్టు దిగదు. పైగా బల్ల వంగితే మీ మిషన్ విలువ అక్కడితో సరి.

## పని చేసేటప్పుడు

చేతి డ్రిల్లుతో రంధ్రం నిటారుగా ఎలా వేయాలి?

బ్రాకెట్టు ఊడి వస్తే లేత్ షాపులోనో, ఫాబ్రికేషన్ షాపులోనో స్టాండు డ్రిల్లు కింద పెట్టించండి, సందేహం వద్దు. బల్లని కదపలేకపోతే రెండంగుళాల మందం టేకు ముక్క తీసుకుని, స్టాండు డ్రిల్లు మీద దానికి నిటారు రంధ్రం వేయించి తెచ్చుకోండి. ఆ ముక్కని బల్ల మీద క్లాంపుతో బిగిస్తే బిట్టుకి అదే దారి. ఎంత లోతు వెళ్లాలో బిట్టు మీద టేపు చుట్టుకోండి. పాత రంధ్రం పెద్దది చేస్తున్నప్పుడు బిట్టు ఒక్కసారిగా కొరికి లోపలికి లాక్కుంటుంది. నెమ్మది స్పీడు, రెండు చేతులు, గ్లౌజులు లేకుండా.

ట్యాప్ కొట్టడం ఎప్పుడూ చేయలేదు. నేను చేయగలనా?

ముందు పాత బీడు ముక్క మీద ఒకటి కొట్టి చూసుకుంటే చేయగలరు. చేతి ట్యాప్ సెట్టులో మూడుంటాయి. ముక్కు బాగా సన్నగిల్లినది మొదటిది, తర్వాత రెండోది, ముక్కు మొద్దుగా ఉన్నది అడుగుదాకా కోయడానికి. ఆరుపారు రంధ్రానికి మొదటిదే చాలు. అడుగు మూసుకున్న రంధ్రానికి మూడూ వరసగా కావాలి.

ట్యాప్‌ని నిటారుగా నిలబెట్టి, కాస్త అదుముతూ ఒకటి రెండు చుట్లు తిప్పండి. చేయి తీసేసి చిన్న గుణ్యాన్ని, అంటే మూలమట్టాన్ని, ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కగా ఆనించి చూడండి. ఒరిగితే ఇప్పుడే సరిచేయాలి, నాలుగు చుట్లు దాటాక కుదరదు. ఇక అదమాల్సిన పని లేదు, అదే లాక్కుంటుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు లోహపు పొట్టు తెగిన చిన్న టిక్కుమనే కదలిక పిడి మీద చేతికి తెలుస్తుంది. అది తెలియకుండా బరువు పెరుగుతోందంటే గాడులు నిండిపోయాయన్నమాట. పూర్తిగా బయటికి తీసి, బ్రష్షుతో తుడిచి మళ్లీ దించండి. నోటితో ఊదకండి, బీడు పొడి నేరుగా కళ్లలోకి వస్తుంది.

ట్యాప్‌కి ఏ నూనె పోయాలి?

బీడుకి ఏదీ వద్దు, పొడిగానే కోయాలి. నూనె పోస్తే పొడి ముద్దయి గాడుల్లో పట్టేస్తుంది. అల్యూమినియంకి కిరోసిన్, దొరక్కపోతే డీజిలు. ఉక్కుకి కటింగ్ ఆయిలు. కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అని చాలామంది పోస్తారు. కోసేటప్పుడు పర్వాలేదు కానీ మిగిలింది జిడ్డుగా పేరుకుని పొట్టుని పట్టుకుంటుంది.

ట్యాప్ లోపల విరిగిపోయింది!

దాన్ని డ్రిల్లు చేయాలని చూడకండి, బిట్టు పోతుంది, రంధ్రం గోడా పోతుంది. గాడుల్లో సన్న పంచ్‌లు పెట్టి ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. కళ్లద్దాలు తప్పనిసరి. చవక కార్బన్ ఉక్కు ట్యాప్ అయితే పంచ్ దెబ్బకి ముక్కలై వచ్చేస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) ట్యాప్ అంత తేలిగ్గా రాదు. ఊడదీయగల ముక్క అయితే డైలు చేసే షాపులో స్పార్క్ మిషన్ మీద తీయించొచ్చు, రంధ్రం చెడదు.

హెలీకాయిల్ బోల్టుతో పాటు బయటికి వచ్చేస్తోంది. ఎందుకు?

మూడింట్లో ఒకటి. పైకి ఉండిపోయి ఉంటుంది. చుట్ట పైకొన ఉపరితలం కంటే పావు నుంచి అర చుట్టు కిందకి దిగాలి. లేదా తిప్పడానికి అడుగున ఉండే అడ్డ తోకని విరిచి తీయలేదు, బోల్టు దాన్ని తన్నుతోంది. లేదా రంధ్రం బిట్టు ఒక సైజు ఎక్కువైంది. మూడోదైతే హెలీకాయిల్ మర్చిపోయి బుష్‌కి వెళ్లాల్సిందే.

## బ్లేడు షాఫ్టు సంగతి

బ్లేడు నట్టు ఎటు తిప్పితే వదులవుతుంది? థ్రెడ్డు పోయిందా, నేనే తప్పుగా తిప్పుతున్నానా?

కుడి మరా ఎడమ మరా అన్నది మిషన్‌ని బట్టి మారుతుంది కాబట్టి గడియారం లెక్క పెట్టుకోకండి. బ్లేడు ఎటు తిరుగుతుందో అటు తిప్పితే నట్టు విడుతుంది. మనం నిలబడి కోసే వైపుకి బ్లేడు పైభాగం వస్తుంది. స్పానర్‌ని పైన పట్టుకుని మీ వైపుకి లాగితే వదులవ్వాలి. ఎదురు తిప్పితే బిగుస్తుంది. మోటారు ఎక్కేటప్పుడు బ్లేడు బరువు నట్టుని బిగించే వైపుకే లాగాలని అలా చేశారు. బ్లేడు కదలకుండా పళ్ల మధ్య చెక్క ముక్క పెట్టండి. స్క్రూడ్రైవర్ పెడితే కార్బైడు పన్ను ఎగిరిపోతుంది.

షాఫ్టు మీద మర కొద్దిగా దెబ్బతింది. ఎలా బాగుచేయాలి?

మొదటి ఒకటి రెండు మరలు మాత్రమే నలిగి, మిగతావి బాగుంటే థ్రెడ్ ఫైలుతో గానీ, బయటి మర కోసే సరైన డైతో గానీ తీర్చిదిద్దుకోవచ్చు. నట్టు మాత్రం కొత్తదే వేయండి. నట్టు మందం మొత్తానికి మంచి మర దొరక్కపోతే ఆ షాఫ్టు పక్కన పెట్టండి.

దీని మీద బేరం లేదు. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి 53 మీటర్లు, గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పోతోంది. 2800 చుట్ల మిషనైనా సెకనుకి 37 మీటర్లు. ఆ బ్లేడుని పట్టుకునేది ఒక్క నట్టు.

షాఫ్టు మీద వెల్డింగు నింపి మళ్లీ మర కోయిస్తే?

చాలా షాపుల్లో చేసిపెడతారు, నేను చేయించను. వెల్డింగు వేడికి షాఫ్టు వంగుతుంది, బ్లేడు ఊగుతుంది, వెల్డింగు చివర దగ్గర ఉక్కు పెళుసవుతుంది. పాత షాఫ్టు నమూనా ఇచ్చి ఈఎన్8 ఉక్కుతో కొత్తది తిప్పించండి. బేరింగు కూర్చునే చోటు, బ్లేడు ఆనే ముఖం లేత్ మీద మధ్యలో విప్పకుండా ఒకే పట్టులో తిప్పమని చెప్పండి, అప్పుడే బ్లేడు నిటారుగా తిరుగుతుంది. ఆ పనిలోనే బేరింగులు కూడా మార్చేసుకోవచ్చు.

## మళ్లీ బిగించేటప్పుడు

ఎంత గట్టిగా బిగించాలి?

8.8 గ్రేడు ఎం8 బోల్టు ఉక్కులో దాదాపు 25 న్యూటన్ మీటర్లు తీసుకుంటుంది. బాగుచేసిన పాత బీడులో అంతదాకా వెళ్లొద్దు. టార్క్ రెంచి లేకపోతే పొట్టి స్పానర్ వాడండి, మణికట్టు బలంతో బిగించి ఆపండి. బ్రాకెట్టు బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకుండా అన్నీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా.

లాక్‌టైట్ అన్నిటికీ రాయొచ్చా?

మోటారు బోల్టులకి, పుల్లీ గ్రబ్ స్క్రూలకి నీలంది రాయండి, స్పానర్‌తో మళ్లీ వస్తుంది. ఎర్రది వేడి పెడితే గానీ రాదు, అది బుష్‌లకే. బ్లేడు నట్టుకి ఏదీ వద్దు.

బ్రాకెట్టు ఊడదీసి పెట్టాక కోత కాలుతోంది, వంకర వస్తోంది. థ్రెడ్డు మళ్లీ పోయిందా?

థ్రెడ్డు బాగానే ఉండి ఉంటుంది, బ్లేడు వరస తప్పింది. ప్లగ్గు పీకి, ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టండి. దాన్ని ముందుకి తెచ్చి బల్ల మీది గాడి అంచునుంచి దూరం కొలవండి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడా ఒక జెరాక్సు కాగితం మందం, అంటే 0.1 ఎంఎం దాటకూడదు. దాటితే ఒక్క బోల్టు మాత్రం బిగువుగా ఉంచి, మిగతావి వదులు చేసి, బ్రాకెట్టుని చెక్క సుత్తితో తట్టి సరిచేయండి. వేరే పన్నుతో కొలిస్తే లెక్క తప్పుతుంది, పళ్లన్నీ ఒకే వరసలో ఉండవు.

వానాకాలం రాకముందు ఏం చేస్తే మళ్లీ పట్టెయ్యదు?

బోల్టులు ఒక్కొక్కటే తీసి, మరలకి గ్రాఫైట్ గ్రీజు పలచగా రాసి మళ్లీ వేయండి. గ్రీజు రాసిన బోల్టు అదే బలానికి ఇంకాస్త లోపలికి పోతుంది, కాబట్టి చేయి తేలిక చేయండి. బల్లకి మైనం రుద్దండి. నూనె రాస్తే చెక్కకి మరక. తుమ్మ కోసిన రోజు పొట్టు ఆ సాయంత్రమే ఊడ్చేయాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడు; పాత దుప్పటి మేలు. లంకల్లో షాపు అయితే వరద హెచ్చరిక రాగానే మోటారుని ఊడదీసి అటక మీద పెట్టేవాళ్లున్నారు. మంచి పని. ఆ మోటారు బోల్టులు మాత్రం నట్లతో సహా దాని కాళ్లకే తగిలించి ఉంచండి.

ఇంత ఖర్చు పెట్టేకంటే మిషన్ అమ్మేయడం నయం కాదా?

బల్ల చదునుగా ఉండి, బ్రాకెట్టులో పగులు లేకపోతే మరల కోసం మాత్రం అమ్మకండి. పగులుందో లేదో చూడటానికి డీజిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. కాసేపటికి పగులు ఉన్నచోట డీజిలు ఊరి సన్న గీత కనిపిస్తుంది. ఆ గీత బోల్టు రంధ్రం నుంచి బయలుదేరి అంచుదాకా పోయిందంటే ఆ బ్రాకెట్టుకి బుష్ వేసినా నిలవదు. అదే మోడల్ పాత మిషన్ నుంచి బ్రాకెట్టు దొరికితే మార్చండి, దొరక్కపోతే బీడు లెక్కన అమ్మేయండి.